ఖాళీగా వదిలిన గళ్లు

నాకు చదువు చెప్పినవాళ్లెవరైనా ఇది చదివితే నన్ను చెంప మీద కొట్టాలి. నేనే కొట్టుకోవలసింది, ధైర్యం చాలడం లేదు.

డోన్ దగ్గర మెట్టపంటల పరిశోధన కేంద్రంలో నా పని లెక్కలు కట్టడం. పాత వేరుశనగ మేలా, కొత్త రకం మేలా అని మూడేళ్లు తిమ్మయ్య అనే రైతు చేలో రెండూ చిన్న చిన్న మళ్లుగా వేసి చూశాం. ఆ దిగుబడులను ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి సగటు తీశాను. కొత్తదే గెలిచింది. 2007 జూన్‌లో తిమ్మయ్య, ఏడెకరాలకూ కొత్త విత్తనమే వేయమంటావా అని నన్నే అడిగాడు. వేయండి, పూచీ నాది అన్నాను. ఎంత పొగరో చూడండి.

జూలైలో హైదరాబాద్ ఆఫీసులోని పెద్దసారు నా లెక్కల ఫైలు చూసి ఫోన్ చేసి, సగటు తీసే కమాండ్ చివర ఆ అదనపు మాట తోకలా ఎందుకు తగిలించావమ్మా అన్నారు. సీనియర్ ఒకామె కాగితం మీద రాసిచ్చింది, నేను కొట్టాను. తోక లేకపోతే జవాబు రాదు, ఉంటే వస్తుంది, నాకు తెలిసింది అంతే. అందులోనే హెల్ప్ ఉంటుంది కదా, చూశావా అన్నారు. మూడేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

ఫోన్ పెట్టేసి ప్రశ్నార్థకం కొట్టి, పక్కన ఆ కమాండ్ పేరు కొట్టాను. నెట్ కూడా అక్కర్లేదు, పేజీ టక్కున తెరుచుకుంది. ఆ తోక పెడితే విలువ లేని గళ్లను ముందే తీసేసి, మిగిలినవాటికే లెక్క కడుతుందట. ఒకే ఒక్క వాక్యం. చదవడానికి అర నిమిషం పట్టలేదు.

వెంటనే మళ్ల దిగుబడులు రాసే పొలం పుస్తకం తీశాను. అది రాసేది మా కేంద్రంలో పొలం పనులు చూసే బొజ్జన్న. రైతు చేను పేరున సున్నా రాస్తే అరిష్టమని, పూర్తిగా ఎండిపోయిన మడికి ఏమీ రాయకుండా వదిలేస్తాడు. కేంద్రంలో అందరికీ తెలిసిన అలవాటే, నాకూ తెలుసు. ఆ ఖాళీలను ఖాళీలుగానే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కొత్త రకం మళ్లు ఇరవై నాలుగైతే తొమ్మిది ఖాళీ. పాతదానికి ఒక్కటీ లేదు. ఖాళీల్లో సున్నాలు వేసి మళ్లీ కట్టాను. కొత్తది ఓడిపోయింది. బతికిన మళ్లను మాత్రమే చూసి అది గొప్పదన్నాను నేను!

ఆటో ఎక్కి తిమ్మయ్య ఊరికి పోయాను. దేవుడా, ఇంకా విత్తకుండా ఉండాలి అని దారంతా అదే మొక్కు. ఇంటి వెనక చేను నిండా మొలకలు.

ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. ఆయన వంగి ఒక మొలక చుట్టూ మట్టి సర్దాడు.

"ఆ తొమ్మిది మళ్లు ఎండింది నా కండ్ల ముందరే గదమ్మా. నేనే పీకి పారేస్తి. నువ్వు కంప్యూటర్‌లో చూసి మేలంటివి. నా కండ్లకు తెలీనిదేదో దానికి తెల్సుంటాదిలే అనుకుంటి."

ఆయన్ని చూసి ఊళ్లో మరో పదకొండు ఇళ్లవాళ్లు అదే విత్తనం వేశారట. మళ్లీ విత్తడానికి ఎవరి దగ్గరా గింజ లేదట. వాళ్లకు నేనే చెబుతానన్నాను. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

మంచం తెచ్చి నీడలో వాల్చాడు. "ఎండన పడొచ్చినావు, కూచో తల్లీ," అన్నాడు.