ఎర్త్ పట్టీ కింద రంగు

బయ్యన్న పాత అంబాసిడర్‌కు ఊళ్లో పెద్ద పేరు. ఆ కారెక్కి ఆఫీసుకు పోతే పని కాకుండా తిరిగి రాదని ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి నమ్మకం. అందుకే కృపాకుమారి చేత నామినేషన్ వెనక్కి తీయించడానికి కూడా దాన్నే బయటికి తీశారు. ఊరికే తీస్తే సరిపోతుందా? ఎన్నికలొచ్చాయి కదా అని వారం కిందటే దానికి తళతళలాడే తెల్లరంగు కొట్టించారు. దగ్గరుండి చేయించింది బయ్యన్న కొడుకు చైతన్య. ఆ రంగు మీద ఈగ వాలినా ఆ పిల్లోడి ప్రాణం విలవిల్లాడుతోంది.

ఈసారి సర్పంచు పదవి ఎస్సీ మహిళలకు వచ్చింది. బయ్యన్న తన గొర్రెల దొడ్డి ఊడ్చే బయమ్మ చేత నామినేషన్ వేయించి, ఇంక ఏకగ్రీవమే అనుకుని మీసం దువ్వుకున్నాడు. తీరా చూస్తే కృపాకుమారి కూడా వేసేసింది. ఆమె ఉండే కాలనీకి పైపు వేసి నాలుగేళ్లయినా అందులో చుక్క నీళ్లు రాలేదు. ట్యాంకరు పైవీధిలోనే ఖాళీ అయిపోతుంది. ఆ సంగతి అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, పదిమంది ఆడవాళ్లు తోడు రాగా పోయి కాగితం ఇచ్చి వచ్చింది. ఆ రోజు నుంచి బయ్యన్న ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె భర్త మద్దిలేటి బయ్యన్న ట్రాక్టరే తోలుతాడు. అతన్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని మాట్లాడాడు, అంతే. మద్దిలేటి మూడు రోజులు అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుంటాడు, మనకెందుకే అంటాడు, లేచిపోతాడు. చూసి చూసి నిన్న రాత్రి కృపాకుమారి సరేనంది. సరే అన్నదే గాని, తెల్లవార్లూ కన్ను మూత పడలేదు.

మధ్యాహ్నం మూడు లోపల బెళుగుప్ప మండలాఫీసులో ఎన్నికల అధికారి ముందు ఆమె సంతకం పెట్టాలి. మూడు దాటితే బ్యాలెట్టులో పేరు ఉండిపోతుంది. ఒంటిగంటకు బయలుదేరారు. డ్రైవరు బసప్ప, పక్కన చైతన్య, వెనక సీట్లో ఆమె. డిక్కీలో మైకు సెట్టు, దాని బ్యాటరీ, టపాసులు, బయమ్మకు వేయడానికి రెండు చామంతి దండలు. ఆ చామంతి వాసన సీటు దాకా వస్తుంటే కృపాకుమారి కిటికీ అద్దం దించి ముఖం బయటికి పెట్టింది. బయ్యన్నకు గిట్టని అవతలి వర్గం కంటపడకూడదని మెయిన్ రోడ్డు వదిలేసి గాలిమరల మధ్యనుండే కంకర రోడ్డు పట్టారు. ఆ దారిన మనిషి కనిపించడమే అరుదు.

ఊరు దాటినప్పటి నుంచి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరడం లేదు. అంటే బ్యాటరీకి చార్జింగు పోవడం లేదన్నమాట. ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు కాకపోవచ్చని బసప్ప ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వింటేగా! అనంతపురంలో ఉన్న బయ్యన్న ఫోన్ చేశాడు, ఇంజను మోతలో మాట వినబడలేదు, ఆపమని చైతన్య గసిరాడు. ఆపారు. దగ్గరికొచ్చేశామని తండ్రికి చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాడు. బెళుగుప్ప ఇంకా పన్నెండు కిలోమీటర్లు. బసప్ప తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్కు. అంతే.

బ్యాటరీ దిగిపోయిందని చైతన్య తేల్చేశాడు. టెర్మినళ్లు ఊడదీసి, గీకి, బిగించారు. టక్కు. డిక్కీలోంచి మైకు బ్యాటరీ తెచ్చి, జంపర్ వైర్లతో ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు తగిలించారు. టక్కు. ఈ పాత బ్యాటరీనే అడ్డం పడుతోందని దాన్ని తీసేసి మైకు బ్యాటరీనే పెట్టి చూశారు. దానికీ అదే టక్కు. తోద్దామంటే కంకరలో చక్రం కూరుకుంది, ముగ్గురి బలానికి కారు మూరెడు కదల్లేదు. చైతన్య కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతున్నాడు. అంత కంగారులోనూ బసప్ప చేతిలో స్పానరు ఎక్కడ రంగుకు తగులుతుందోనని బానెట్టు అంచున తువ్వాలు పరిచాడు చూడండి, దానికి నవ్వాలో ఏడవాలో!

కృపాకుమారికి అనుమానం రెండో టక్కుకే వచ్చింది. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు ఉరవకొండలో వాళ్ల నాయన బ్యాటరీ షెడ్డులో ఆమే పని చేసింది. ఇప్పటికీ ఆమె పాత చీరలకు యాసిడ్ చిల్లులున్నాయి. ఊళ్లో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పుకోనూ లేదు. కలుపు తీయడానికి దాంతో ఏం పని?

హెడ్‌లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ మాత్రం తిరగడం లేదు. అంటే బ్యాటరీలో కరెంటు ఉంది, ఇంజనుకు అందడం లేదు. పైగా తాళం తిప్పినప్పుడల్లా యాక్సిలరేటర్ వైరు వేడెక్కి వాసన వస్తోంది. కరెంటు తన దారి మూసుకుపోయి, ఆ సన్నటి వైరులోంచి దూరి పోవాలని చూస్తోంది. ఇంజనుకూ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటుంటుంది, ఎర్త్ పట్టీ. ఆమె తొంగి చూసింది. పట్టీ పాతదే, బోల్టు పాతదే. పట్టీ కింద మాత్రం కొత్త తెల్లరంగు మందంగా, నున్నగా పరుచుకుని ఉంది. రంగు మీద బిగిస్తే కరెంటు ఎలా పారుతుంది? ఇన్నాళ్లూ అంచున ఎక్కడో కాస్త అంటుకుని నెట్టుకొచ్చింది, కంకర కుదుపులకు అదీ వదిలేసింది.

చెప్పాలా, వద్దా? నోరు మూసుకుంటే మూడు దాటిపోతుంది, దేవుడే ఆపాడనుకోవచ్చు. కానీ సరేనని మాట ఇచ్చింది తనే. మాట ఇచ్చి మోసం చేసిందని రేపు ఎవరైనా అంటే పడగలదా? రెండు గంటలకు నోరు విప్పింది.

"బ్యాటరీ కాదప్పా అది. లైట్లు చూడు, ఎట్ల వెలుగుతాండాయో. ఈ రాగి పట్టీ కింద రంగేసినారు. బోల్టు తీసి ఆడ రంగు గీకు, స్టార్టు అవుతాది."

చైతన్య ముఖం కందగడ్డ అయింది. "రంగేయించి వారం కాలేదు, గీకల్లంట! ఆడోళ్లకేం తెలుసు ఇంజన్ల సంగతి? పోయి నీడన కూర్చో పో."

పోయి గాలిమర నీడలో కూర్చుంది. ఒళ్లు మండింది గానీ ఆ మంట అడుగున ఏదో తేలికయింది. చెప్పాల్సింది చెప్పేసింది, వినకపోతే తన తప్పా? అయినా కుదురుగా కూర్చోలేకపోయింది. ఫోను తీసి టైము చూస్తుంది, కొంగులో దాస్తుంది, మళ్లీ తీస్తుంది. రెండూ పది. రెండూ పదిహేను. తల పైన రెక్క తిరిగినప్పుడల్లా దాని నీడ ఆమె మీదుగా పోయి వస్తోంది. ఈ మధ్యలో బయ్యన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ చైతన్య ఆఫీసు ముందరే ఉన్నామని అబద్ధమాడాడు. తండ్రంటే అంత భయం వాడికి. నిజం చెప్పి ఉంటే అప్పుడే ఇంకో బండి వచ్చేది.

రెండూ ఇరవైకి బసప్ప మెల్లగా ఆమె దగ్గరికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, చేతులకు గ్రీజు, చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. చైతన్య అటు తిరిగి ఫోనులో ఎవరో మెకానిక్కును బతిమాలుతున్నాడు.

"ఇందాక ఏందో చెప్తివి కదమ్మా. సరిగ్గా ఇనలేదు. మళ్లొకసారి చెప్పు."

ఇదీ అసలు పరీక్ష. ఇందాక చెప్పినప్పుడు ఇచ్చిన మాట కోసం చెప్పింది. ఇప్పుడు చెబితే కారు రెండు నిమిషాల్లో కదులుతుంది, పన్నెండు కిలోమీటర్లు అరగంటలో పోవచ్చు, రెండూ యాభై ఐదుకు సంతకం అయిపోతుంది. మైకు మోగుతుంది. బయమ్మ మెడలో చామంతులు పడతాయి. పైపు అట్లాగే ఎండి ఉంటుంది. బసప్ప కళ్లలోకి చూడలేక ఆమె తల దించుకుంది. ఈ ముసలాయన తనకేం అన్యాయం చేశాడని?

"నాకేం తెలుసు బసప్పన్నా," అంది. "ఆడదాన్ని. ఆ చైతన్యప్పే చెప్పినాడు కదా."

బసప్పకు అర్థమైందో లేదో, ఇంకేమీ అడగకుండా కారు దగ్గరికి వెళ్లిపోయాడు. అయిన పనే మళ్లీ మొదలుపెట్టాడు, టెర్మినళ్లు ఊడదీసి బిగించడం.

రెండూ నలభైకి చైతన్య తండ్రికి నిజం చెప్పక తప్పలేదు. ఫోనులో బయ్యన్న తిట్లు గాలిమర దాకా వినబడ్డాయి. బెళుగుప్ప నుంచి మోటారు సైకిలు బయలుదేరిందన్నారు. ఆ కంకర మీద అది వచ్చేసరికే మూడూ పదవుతుంది. చైతన్య లెక్క వేసుకుని రోడ్డు పక్కన చతికిలబడ్డాడు.

మూడైంది. కృపాకుమారి ఫోనులో అంకెలు మారడం చూసింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

చైతన్య లేచి కోపమంతా బసప్ప మీద కుమ్మరించాడు. ముసలోడివైపోయావు, బ్యాటరీ సంగతి కూడా తెలియనివాడివి డ్రైవరువెట్లా అయ్యావు, రేపటి నుంచి ఇంటికి రావద్దు అన్నాడు. అది విని ఆమె ఇంక ఉండలేకపోయింది. నేరుగా పోయి కంకర మీద పడున్న జంపర్ వైరు ఒకటి తీసింది. ఒక కొన బ్యాటరీ మైనస్సుకు, రెండో కొన రంగు లేని చోట చూసి ఇంజనుకే కరిపించింది.

"తాళం తిప్పు బసప్పన్నా."

ఒక్క తిప్పుకు ఇంజను గర్జించింది. ఎర్ర లైటు ఆరిపోయింది.

"ఆయన్ను అనొద్దప్పా," అంది ఆమె. "పట్టీ కింద రంగేయించింది నువ్వు."

"నీకు ముందే తెలుసా?"

"రెండు గంటలకే చెప్తి కదప్పా. ఇనలేదు నువ్వు."

బసప్ప ముందు సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె ఎక్కబోతుంటే ఫోను మోగింది. మద్దిలేటి. సంతకం పెట్టేసినావా అని అడిగాడు. రాత్రి నుంచి దాచుకున్న భయమంతా ఒక్కసారి పైకొచ్చింది. రేపు ట్రాక్టరు తాళం లాక్కుంటారో, ఇంకేం చేస్తారో. అయినా మెల్లగా చెప్పింది.

"లేదు. నేను నిలబడ్తాండా. నాకూ భయంగానే ఉండాది. నువ్వైతే ముందు అన్నం తిను."