తెగిన నవ్వు

నేను ఒక మాటల డబ్బాను. అంగట్లో నన్ను వాయిస్ రికార్డర్ అంటారు. ఏ దేశంలో పుట్టానో నా వీపు మీద రాసి ఉండేది. చెమట చేతుల్లో నలిగి అది చెరిగిపోయింది. నా చెవి మంచిది. నోరు మాత్రం నా వశంలో లేదు. మనుషులు ఉంచినంతే పలుకుతాను.

విశాఖపట్నంలో నన్ను మొదట కొన్నది నరసింగరావు గారు. భజన సమాజం నడిపేవారు. కీర్తనలు నాలోకి ఎక్కించుకుని పొద్దున్నే దేవుడి గదిలో పెట్టుకునేవారు. హారతి గంటతోపాటు ఆయన దగ్గు కూడా నాలో పదిలంగా ఉండేది. యూనివర్సిటీలో జర్నలిజం చదువుతున్న ఆయన కూతురు వైదేహి ఒకరోజు నన్ను అడిగి తీసుకుంది. మోర్మన్ల సంస్కృతి గురించి, వాళ్ళను మీడియా చూపించే తీరు గురించి పరిశోధన రాస్తోందట.

"ఎవరే వాళ్ళు?" అన్నారు నరసింగరావు గారు.

"క్రీస్తును కొలిచేవాళ్ళే నాన్నా, వాళ్ళ పద్ధతులు వేరు. కాఫీ, టీ ముట్టరు."

"కాఫీ లేకుండా పొద్దున్నే లేచి దేవుణ్ణి ఎలా తలుచుకుంటారే పాపం!"

అలా నవ్వుకుంటూనే నన్ను ఇచ్చేశారు.

వైదేహి నన్ను గాజువాకలో దైవాధీనం గారింటికి తీసుకెళ్ళింది. ఓడల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో మోర్మన్ ఆయనొక్కరే. భార్య వరహాలమ్మ సింహాచలం అప్పన్నకు దీపం పెట్టుకునేది, ఆయనెదుటే గ్లాసెడు కాఫీ ఊదుకుంటూ తాగేది. ఆ మధ్య ఒక టీవీ ఛానెల్ 'చచ్చినవాళ్ళకు స్నానాలు' అంటూ మోర్మన్ల మీద కార్యక్రమం వేసింది. శ్మశానం బొమ్మలు, వెనకాల ఊళలు. అప్పట్నుంచి వీధిలో పిల్లలు ఆయన్ని చూసి పరుగెత్తేవారు.

"అసలు సంగతి ఏమిటండీ?" అని వైదేహి నన్ను బల్ల మీద పెట్టింది.

"బాప్తిస్మం తీసుకోకుండా పోయిన మనవాళ్ళ పేర్లు మందిరానికి పంపుతామమ్మా. వాళ్ళ బదులు బతికున్నవాళ్ళు నీళ్ళలో మునుగుతారు. శవాలూ లేవు, దయ్యాలూ లేవు. దాన్ని ఒప్పుకోవడం, మానడం ఆ పోయినవాళ్ళ ఇష్టం" అన్నారాయన. ఏదో ఫోటో చూపిస్తానని లేచి, కళ్ళజోడు కనబడక వెతుక్కుంటూ లోపలికి వెళ్ళారు.

వరహాలమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. "బతికుండగా నన్ను ముంచలేకపోనాడు, చచ్చాక ముంచుతాడట! మునగను గాక మునగను!" అని గట్టిగా నవ్వింది.

వైదేహికి బైట్ దొరికింది. పత్రికలవాళ్ళు, టీవీవాళ్ళు పనికొచ్చే ముక్కకు పెట్టుకున్న పేరు అది. ఆ సంతోషంలో తల వంచి, అడగాల్సిన తర్వాతి ప్రశ్న వెతుక్కుంటోంది. వరహాలమ్మ నవ్వు ఆపుకుని, లోపలి గదివైపు చూసి, గొంతు తగ్గించింది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

"అయినా పాపా, పేరు పంపితే ఎలిపోతానులే. నాను ఎల్లకపోతే అక్కడ ఈ మనిషికి కళ్ళజోడు ఎవులు ఎతికి పెడతారు?"

తర్వాతి వారం వైదేహి ఆ ఛానెల్ ఎడిటర్ని కలిసింది. ఆయన తన తప్పేమీ లేదని చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. నాలో జాగా చాలలేదు. ఆమె వరహాలమ్మ బైట్ మాత్రం ఉంచి మిగతాది తుడిచేసింది. మనుషుల మాటను టీవీ ఎలా తెగ్గోసి చూపిస్తుందో ఆమె పరిశోధనలో ఒక అధ్యాయమంతా ఉంది. సెమినార్లో ఆ బైట్ వినిపిస్తే అందరూ నవ్వారు. అధ్యాయం బాగుందని మెచ్చుకున్నారు కూడా.

ఆ వర్షాకాలంలో వరహాలమ్మ జ్వరంతో పోయింది. పోయినవాళ్ళ పేరు పంపేముందు ఆగాల్సిన గడువు తీరాక దైవాధీనం గారు వైదేహిని వెతుక్కుంటూ వచ్చారు.

"అమ్మా, పేరు పంపాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. ఆవేళ నీతో ఏదో అంది. లోపలున్నాను, సగమే వినబడింది. ఒక్కసారి వినిపించు."

వైదేహి నన్ను నొక్కింది. మునగను గాక మునగను. నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే చప్పున నిశ్శబ్దం.

"తర్వాత?"

"తర్వాతది… తీసేశానండీ. నేను కూడా సరిగ్గా వినలేదు."

ఆయన ఇంకోసారి విన్నారు. మరోసారి విన్నారు. "నవ్వు మధ్యలో తెంపేశావేటమ్మా," అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే వైదేహికి సులువయ్యేది. ఆమె ఏడుస్తూ నన్ను ఆయన చేతిలో పెట్టింది.

"పంపను. మునగనంది కదా. ఇష్టం ఆవిడదేనని మా దేవుడే చెప్పాడు," అన్నారాయన.

ఇప్పుడు నేను గాజువాకలోనే ఉన్నాను. సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రార్థించుకోవడం మోర్మన్ల ఆచారం. ఇంటిల్లిపాదీ అంటే ఆయనా, ఒక ఖాళీ కుర్చీ, నేను. తాను ముట్టని కాఫీ కాచి ఆ కుర్చీ ముందు పెడతారు. పాట పాడి, నన్ను నొక్కుతారు. చీకటి పడుతున్న గదిలో ఆమె నవ్వు లేచి, సగంలో ఆగిపోతుంది. కాఫీ మీద ఆవిరి మాత్రం ఇంకాసేపు కదులుతుంది.

తుడిచేసిన మాట ఎక్కడికి పోతుందో నాకు తెలీదు. నరసింగరావు గారి దేవుడో, దైవాధీనం గారి దేవుడో దాన్ని పూర్తిగా వినే ఉంటాడని నా ఆశ. వింటే మరి ఈయనకు ఎందుకు చెప్పడు? నాలాగే ఆయనకూ నోరు వశంలో లేదేమో.

"వరాలూ, తర్వాత ఏటన్నావే?" అని ఈరోజు కూడా అడిగారు. బైబిలు చదువుకుందామని కళ్ళజోడు కోసం బల్లంతా తడుముతున్నారు.

అది నా పక్కనే ఉంది.