ఇరవై రెండు గుండీలు

పళ్ళ డాక్టరమ్మ ఆ ఫొటోను మడత పడకుండా ఒక లావుపాటి పుస్తకం మధ్యలో పెట్టుకుని టైలరమ్మ దుకాణానికి తెచ్చింది. నలుపు తెలుపుల ఫొటో. వేదిక మీద ఒకావిడ మైకు ముందు నిలబడి పాడుతోంది. మోచేతుల దాకా చేతులున్న పొడుగు గౌను. నడుము దగ్గర సన్నగా పట్టి, అక్కడి నుంచి పాదాల దాకా నీళ్ళలా జారింది.

"మా అమ్మ," అంది డాక్టరమ్మ. "నాకు అచ్చం ఇలాంటిదే కుట్టిపెట్టాలి."

పాత సంగీతశాలను బాగుచేసి మళ్ళీ తెరుస్తున్నారట. యాభై ఏళ్ళ కిందట దాన్ని మొదటిసారి తెరిచిన సాయంత్రం పాడింది వాళ్ళమ్మే. ఆవిడ పోయి చాలా కాలమైంది కాబట్టి ఆ పాట కూతురిని పాడమన్నారు. రోజంతా ఇంకొకళ్ళ నోళ్ళు తెరిపించే తనకు, నలుగురిలో నోరు తెరవాలంటే భయంగా ఉందని నవ్వుతూ చెప్పింది. గౌను ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. వెనక ఎలా ఉండేదో సరిగ్గా గుర్తు లేదు. గుండీలు మాత్రం బోలెడు ఉండేవి. చిన్నప్పుడు స్టూలెక్కి అమ్మకు తనే వాటిని పెట్టేది.

టైలరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"రంగు ముదురాకుపచ్చ కదూ?"

డాక్టరమ్మ ఆశ్చర్యంగా తలెత్తింది. అది తమ నాన్న దుకాణంలోనే తయారైందని, కోసింది తన అక్కేనని టైలరమ్మ చెప్పింది. అప్పటికి అక్కకు ఇరవై మూడేళ్ళు, తనకు పద్నాలుగు. బల్ల కింద కూర్చుని అయస్కాంతంతో గుండుసూదులు ఏరడం తన పని. ఆ పచ్చ శాటిను బల్ల అంచు నుంచి కిందికి జారి తన తల మీద పడినప్పుడు చల్లగా అనిపించడం ఇప్పటికీ గుర్తుంది. డాక్టరమ్మ కాసేపు ఫొటోను, కాసేపు టైలరమ్మను చూసింది. తర్వాత కొలతలు ఇచ్చి వెళ్ళింది.

అసలు బట్ట జోలికి పోకుండా టైలరమ్మ ముందు పాత దుప్పటి మీద ప్రయత్నం చేసింది. నిలువు పోగు మీద కోస్తే కిటికీకి కట్టిన తెరలా బిర్రుగా నిలబడింది. రెండో దుప్పటిని మూలగా మడిచి క్రాస్‌ కటింగు చేసింది. మెడపట్టీలకు, అంచులకు క్రాస్‌లో కోయడం చేతికి అలవాటే గాని, మొత్తం గౌనును అలా కోసింది లేదు. ఈసారి జారడం జారింది గాని, కింది అంచు ఒక పక్క లేచి ఒక పక్క వేలాడింది. రెండు దుప్పట్లూ నేలతుడిచే గుడ్డల్లోకి వెళ్ళాయి.

అక్క ఉండేది నాలుగు వీధుల అవతల, కూతురి ఇంట్లో. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోకపోవడం అంటూ లేదు. మోకాళ్ళ నొప్పుల గురించి, మనవల చదువుల గురించి వారానికోసారి మాట్లాడుకుంటూనే ఉంటారు. కుట్టుపని మాట మాత్రం పదకొండేళ్ళుగా వాళ్ళ మధ్య రాలేదు. అప్పట్లో అక్క చూపు మందగిస్తోంది. ఒకరోజు ఒకావిడ ఖరీదైన పట్టు జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి కోసేసింది. దుకాణం నిండా మనుషులుండగా చెల్లెలు, ఇక నువ్వు కత్తెర ముట్టుకోకు అనేసింది. అక్క కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు పొద్దున టైలరమ్మ ఫొటోనూ పచ్చ శాటిను తానునూ సంచిలో వేసుకుని అక్క దగ్గరికి వెళ్ళింది.

అక్క ఫొటోను కిటికీ దగ్గర ముక్కుకు ఆనించుకుని చూసి, ఏమీ కనబడక తిరిగిచ్చేసింది. ముదురాకుపచ్చ శాటిను అంటూ చెల్లెలు బట్ట అందిస్తే మాత్రం, చేతిలోకి తీసుకుని బొటనవేలితో రాస్తూ చాలాసేపు కూర్చుంది.

"పాటలావిడ గౌనా?" అంది చివరికి.

చెల్లెలు అవునంది. వెనక భాగం ఎలా ఉండేదని అడిగింది.

"తప్పు కోశాను చిన్నీ. వెనక రెండు ముక్కల మధ్య రెండంగుళాలు తక్కువ వచ్చింది. ఇంకో గజం కొందామంటే కొట్లో తాను అయిపోయిందన్నారు. నాన్నకు చెబితే చంపేసేవాడు. అందుకని మధ్యలో ఒక పట్టీ వేసి, బట్ట చుట్టిన గుండీలు వరసగా కుట్టేశాను. ఇరవై రెండు. ఆవిడేమో గౌను మొత్తంలో అవే బాగున్నాయంది. నాన్న కూడా మెచ్చుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను."

చెల్లెలికి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అంది.

"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సిందక్కా."

"అన్నది అబద్ధం కాదు. నాకు కళ్ళు కనబడటం లేదు, అది నాకూ తెలుసు." అక్క బట్టను మడతపెట్టి ఒళ్ళో ఉంచుకుంది. "నలుగురిలో అన్నావు. లోపలికి పిలిచి చెప్పి ఉంటే, నీ పక్కనే కూర్చుని కాజాలైనా కుట్టుకునేదాన్ని."

చెల్లెలు తల వంచుకుంది. ముందు దేని మీదైనా కోసి చూశావా అని అక్కే అడిగితే, రెండు దుప్పట్ల సంగతీ చెప్పింది. విన్నాక అక్క, పద, నా చెప్పులు ఎక్కడున్నాయో చూడు అంది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో బట్టను బల్ల మీద పరిచారు. అక్క అరచెయ్యి బట్ట మీద ఏటవాలుగా జరుగుతూ దారి చూపించింది, చెల్లెలి కత్తెర దాని వెనకే నడిచింది. కుడి ముక్క వాలు ఒక వైపు ఉంటే ఎడమ ముక్కది ఎదురు వైపు ఉండాలంది అక్క. లేకపోతే గౌను ఒంటి చుట్టూ మెలితిరుగుతుంది. ముక్కల్ని టాకాలు వేసి కలిపాక కింది అంచు మడవనివ్వలేదు. కొక్కేనికి తగిలించి మూడు రోజులు వదిలెయ్యమంది. బట్ట తన బరువుకు తాను సాగాలి, సాగినంతా సాగాక అంచు కత్తిరించాలి. ఆ మూడు రోజులూ అక్క పొద్దున్నే వచ్చి, గౌను కింద నేల మీద కూర్చుని, అంచును వేళ్ళతో తడిమి చూసేది.

ఇప్పుడు బట్టకు కొరత లేదు. పట్టీ అవసరమే లేదు. డాక్టరమ్మ వేసుకుని చూసుకోవడానికి వచ్చినప్పుడు అక్క దాచుకోకుండా సంగతంతా చెప్పి, ఎలా కుట్టమంటారని అడిగింది. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. పట్టీ ఉండాల్సిందేనంది. ఇరవై రెండుకు ఒక్కటి తగ్గినా ఊరుకోనంది.

సంగీతశాల తెరిచిన సాయంత్రం ఇద్దరినీ మూడో వరసలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ వేదిక మీదికి వచ్చింది. మొదటి చరణంలో గొంతు కాస్త వణికింది. రెండో చరణానికి సర్దుకుంది.

"ఎలా ఉంది?" అక్క చెల్లెలి చెవిలో అడిగింది.

నడుస్తుంటే గౌను ముందుగా కదలడం లేదని, మనిషి కదిలాక వెనకే మెల్లగా వస్తోందని చెల్లెలు చెప్పింది. దీపాల కింద పచ్చరంగు ఒకచోట నల్లగా, ఒకచోట లేతగా మెరుస్తోందని చెప్పింది. అక్క తల ఊపుతూ వింది. పాట అయిపోయి జనం లేచి చప్పట్లు కొడుతుంటే తనూ చెల్లెలి భుజం పట్టుకుని లేచింది.

బయట మెట్లు దిగుతున్నప్పుడు అంది.

"గొంతు మాత్రం వాళ్ళమ్మంత లేదు చిన్నీ."

"ఆవిడ పళ్ళ డాక్టరు కదా అక్కా."

"అదే అంటున్నాను. పళ్ళ డాక్టరుకు చాలా బాగా పాడింది."