మెహెక్ నీడ

పొద్దున్నే ఎండ ఎటునుంచి పడుతోందో చూసుకున్నాకే మెహెక్ పని మొదలుపెడుతుంది. ఆమె నీడ పడితే వస్తువేదైనా అక్కడే బిగుసుకుపోతుంది. నల్లా కింద బిందె పెట్టి తను అవతలికి జరగకపోతే నీళ్ల ధార గాల్లోనే ఆగిపోతుంది. ఇబ్రహీంపట్నంలో వాళ్ల గల్లీకి ఇదేం వింత కాదు. "జర పక్కకు జరుగమ్మా" అని ఎవరి పని వాళ్లు చేసుకుంటారు.

ఆ నీడను బాగా వాడుకున్నది మాత్రం ఆమె భర్త ముఖీమే. అతను ఇంటి అరుగు మీదే కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బాగుచేస్తాడు. లోపలి క్లచ్ డ్రమ్ములో గట్టి స్ప్రింగులుంటాయి. వాటి మీది రేకును అణిచిపెట్టి లాక్ రింగు ఎక్కించాలంటే ప్రత్యేకంగా ఒక పరికరం కావాలి. పెళ్లయిన కొత్తలోనే దాన్ని ఎవరికో ఇచ్చేశాడు మహానుభావుడు. అతను రేకును అదిమితే, మెహెక్ చెయ్యి చాచి అరచేతి నీడను దాని నడుమ వేసేది. ఇక తీరిగ్గా అంచున రింగు ఎక్కించుకునేవాడు. ఆ సుఖానికి అలవాటుపడి, ఆమెకూ ఏదైనా పని ఉంటుందన్న సంగతే మరిచాడు.

ఆ రోజు ఆమె మీర్‌పేట్‌లో ఒక బడికి వెళ్లి లెక్కల పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. పోయినసారి ఇలాగే డ్రమ్ము ముందు నిలబడి అవకాశం పోగొట్టుకుంది.

"ఒక్కటే రింగు. ఎక్కంగనే పో," అన్నాడు ముఖీమ్.

మెహెక్ చెయ్యి చాచి నిలబడింది. రింగు ఎక్కలేదు. ఒక కొస గాడిలో దిగితే ఇంకో కొస లేస్తోంది. తన కారు పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి మీర్‌పేట్ నుంచి వచ్చిన మంగాయమ్మ తిరిగి వెళ్లడానికి ఆటో ఎక్కి కూర్చుంది.

"వస్తావా అమ్మా? ఇంకా ఆలస్యమైతే బడివాళ్లు ఇంకొకళ్లని తీసేసుకుంటారు," అని కేకేసింది.

మెహెక్ ఆటో వైపు తిరిగేసరికి చేతి నీడ కాస్త జరిగింది. రేకు కీచుమంది.

"కదలకు! నా కన్ను పోతది!"

"మొఖం జరుపుండ్రి."

"ఎట్ల జరుపుత? రింగు సగం దిగింది. వదిలితే ఎగిరి నాకే తగుల్తది."

అంతలో కోహెడ వైపు నుంచి మబ్బొకటి సూర్యుడి మీదికి వచ్చింది. మెహెక్‌కు భయమేసింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. అరుగు స్తంభం నీడ పోయింది. గోడ నీడ పోయింది. ముఖీమ్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె నీడ మాత్రం పోలేదు. రేకు మీద చెయ్యి చాచుకుని అలాగే ఉంది.

మెహెక్ మెల్లగా చెయ్యి దించింది. నీడ దించలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. నీడ రాలేదు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని పరుగున వెళ్లి ఆటో ఎక్కింది.

సాయంత్రం ఉద్యోగంతో తిరిగొచ్చేసరికి డ్రమ్ము బిగింపు పూర్తయింది. పని ముగిసిన నీడ అరుగు మూలన కూర్చుని ఉంది. ముఖీమ్ దానివైపు చూడలేక తల దించుకుని పానాలు తుడుస్తున్నాడు.

"నీదే గద, తీస్కపో," అన్నాడు.

"మీకే ఉండనీయుండ్రి. రేపటి సంది నాకు బడి ఉంది," అని మెహెక్ ఒక్కతే లోపలికి వెళ్లింది.