అత్తగారి తెల్లవెంట్రుక

"నీళ్ళు పోయే జాలీ నిండా మళ్ళీ నీ వెంట్రుకలే" అంది అత్తగారు, నేను బాత్రూంలో వంగి వాటిని తీస్తుండగానే. ఇంట్లో మూడు తలలున్నా రాలే జుట్టంతా నాదే. ఎత్తే చెయ్యీ నాదే.

ఆఫీసులోనూ నాకు వెంట్రుకలే. గాయాలు కుట్టే దారాల్ని పరీక్షించే ల్యాబ్ మాది. పూర్వం వైద్యులు నారతో, పట్టుతో, ఆఖరికి వెంట్రుకతో కూడా గాయాలు కుట్టేవారట. ఇప్పటి దారాల పక్కన అవి ఏమాత్రం నిలబడతాయో చూడాలని మా డైరెక్టర్‌గారి కోరిక. కోరిక ఆయనది. ఆర్నెల్లుగా ఒక్కో పోగూ కడిగి, ముడేసి, మెషీన్లో తెగేదాకా లాగింది నేను.

శాంపిల్ కోసం నావి కొన్ని, అత్తగారి దువ్వెనలోవి కొన్ని కవర్లలో వేసి, తేదీ రాసి బ్యాగులో పెట్టాను. అడిగి తీసుకోవాల్సింది, బద్ధకించాను. అవి ఆవిడ కంటపడ్డాయి. వెంటనే కొడుక్కి ఫోను: "నీ పెళ్ళాం నా జుట్టు మూటకట్టిందిరా! ఎవరికిచ్చి ఏం చేయిస్తోందో!" మా ఆయన నాకు ఫోన్ చేసి, "అమ్మ మీద ఏమైనా చేయిస్తున్నావా?" అన్నాడు, పాల ప్యాకెట్ తెచ్చావా అన్నంత మామూలుగా.

ఆ సాయంత్రమే అనుమతి పత్రం తెచ్చి ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సన్నక్షరాలతో సహా చదివి సంతకం చేసింది. ఫలితాలొచ్చాక ఒకటే ప్రశ్న: "ఎవరిది గట్టిది?"

"మీదే అత్తయ్యా. ముడి కూడా జారలేదు."

మర్నాటికి ఆ సంగతి పై అంతస్తు నుంచి వాచ్‌మన్ దాకా తెలిసిపోయింది.

నిన్న పరిశోధన పత్రం డ్రాఫ్ట్ వచ్చింది. "నా పేరేదీ?" అంది అత్తగారు.

"శాంపిల్ ఇచ్చినవాళ్ళ పేర్లు వెయ్యరు. 'అరవై ఎనిమిదేళ్ళ మహిళ' అని ఉంటుంది."

"సరే, నీదేదీ?"

రాసినవాళ్ళ పేర్లు చూపిస్తూ స్క్రీన్ కిందికి జరిపాను. డైరెక్టర్‌గారు. మెషీన్ కొనే ఫైలు మీద సంతకం పెట్టినాయన. ఆయన చెప్పిన ఇంకొకాయన. అట్టడుగున, ల్యాబ్ సిబ్బందికి ధన్యవాదాలు.

"ఫర్వాలేదులెండి" అన్నాను. ఇంట్లో రోజుకి పదిసార్లు అనే మాట, అలవాటుగా వచ్చేసింది.

"ఏం ఫర్వాలేదు? వండింది నువ్వు, మెప్పు ఆయనకా?"

మొన్న చుట్టాలొస్తే, నేను వండినవన్నీ చూపించి "మావాడు దగ్గరుండి చేయించాడు" అన్నది ఈవిడే. కళ్ళలోకి చూశాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు.

"నేను సంతకం పెట్టిన ఆ కాగితంలో, ఇచ్చింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని ఉంది. నీ పేరు వెయ్యకపోతే నా వెంట్రుకలు నాకిచ్చెయ్యమను."

ముడి జారకుండా నిలిచినవి అవే; అవి తీసేస్తే ఆ పరిశోధన పత్రంలో చెప్పుకోడానికి ఏమీ మిగలదు. మెయిల్ తెరిచి, 'మా అత్తగారు ఒప్పుకోవడం లేదు సార్' అని మొదలుపెట్టాను. ఆవిడ వెనక దాక్కుంటున్నానని నాకే తెలిసింది. చెరిపేశాను. 'ఈ పరీక్షలన్నీ చేసింది నేను. మొదటి పేరు నాదే ఉండాలి' అని రాసి, మళ్ళీ చదివితే మెత్తబెడతానని వెంటనే పంపేశాను.

బాత్రూంలోంచి మా ఆయన కేక: "నీళ్ళు పోవట్లేదు! ఈ జుట్టెవరు తీస్తారు?"

"శాంపిల్స్ అవి. చేత్తో జాగ్రత్తగా తీసి కవర్లో వెయ్యి" అన్నాను.

"తేదీ రాయడం మర్చిపోకురా" అంది అత్తగారు.