అవుట్‌బాక్స్‌లో ఒకటి

త్రాసులు బాగుచేసే ముసలాయనకి ఎనిమిది నెలలుగా ఒక్క మెయిలూ రాలేదు. భార్య పోగానే లోకం ముఖం చాటేసిందని ఆయన తేల్చుకున్నాడు. దుకాణం బల్ల మీది పాత కంప్యూటర్లో ఆవిడ వాడిన మెయిల్ ప్రోగ్రాం రోజూ తెరుస్తాడు. ఆవిడ సర్దిపెట్టిన ఫోల్డర్లు చూస్తాడు. కొత్తవేమీ ఉండవు. మూసేస్తాడు.

ఆ ఆదివారం కూతురు వచ్చింది.

"ఇంకా ఇదే పట్టుకుని వేలాడుతున్నావా నాన్నా? అందరూ బ్రౌజర్లో చూసుకుంటున్నారు. ఎక్కడ కూర్చున్నా కనిపిస్తాయి."

"ఎక్కడపడితే అక్కడ కూర్చునే వయసా నాది?"

ఆమె నవ్వి, తన ఫోన్లో అదే చిరునామా తెరిచింది. నవ్వు ఆగిపోయింది.

"రెండొందల పద్నాలుగు ఉన్నాయి. ఒక్కటీ తెరవలేదు."

"ఇంకెవరివో అయ్యుంటాయి."

"అడ్రసు మనదే. త్రాసు ముల్లు నిలబడట్లేదని బేకరీ ఆయన మూడుసార్లు రాశాడు చూడు. కానీ... అమ్మవి ఒక్కటీ లేవేంటి?"

"అమ్మవి ఇక్కడున్నాయి." ఆయన కంప్యూటర్ నెత్తిన చెయ్యి వేశాడు.

ఒకే చిరునామా, రెండు పెట్టెలు. ఒకదాంట్లో పోయిన మనిషి, ఇంకోదాంట్లో బతికున్న జనం. ఏది అసలుదో ఆయనకి అంతుపట్టలేదు.

"ఈ ప్రోగ్రాం ఉత్తరాలన్నీ ఇందులోకి లాగేసుకుంటుంది, అక్కడ మిగల్చదు," అంటూ కూతురు తెర మూలకి చూసింది. "ఎనిమిది నెలలుగా లాగడమే లేదు. ఆఫ్‌లైన్ నొక్కి ఉంది. ఎవరు నొక్కారు?"

నెట్ పోయినప్పుడల్లా ప్రోగ్రాం సతాయిస్తుందని ఆవిడే నొక్కేది. నెట్ వచ్చాక ఆవిడే తీసేది. ఆఖరుసారి తీసేలోపు ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

"నాన్నా, అవుట్‌బాక్స్‌లో ఒకటుంది, వెళ్ళకుండా."

అది ఆవిడ తన తమ్ముడికి రాసింది. గొంతు పోయాక ఆవిడకి ఆ కీబోర్డే నోరు. 'తమ్ముడూ, ఒకసారి రా. మీ బావ ఏమీ అనరు, నేను చెప్పాను.' అంతే ఉంది.

ముసలాయనకి ఆసుపత్రి గది గుర్తొచ్చింది. 'తమ్ముణ్ణి రమ్మని రాశాను' అని ఆవిడ కాగితం మీద రాసి చూపించింది. నాలుగు రోజులు గుమ్మం వైపే చూసి చూసి కన్నుమూసింది. ఐదో రోజు చావు కబురు విని బావమరిది ఇంటికొస్తే ఈయన గడప తొక్కనివ్వలేదు. "నాకు ఉత్తరమే రాలేదు బావా," అంటే, అబద్ధాలకోరని ముఖం మీదే తలుపేశాడు.

"పంపాను అనుకుంది కదా?" అన్నాడు. "మరి పంపితే వెళ్ళాలిగా?"

"వెళ్ళలేదు. మావయ్య రాసినవేమో ఇటు రాలేదు. ఇదిగో, నా ఫోన్లో ఉంది: 'అక్కా, వారమైంది నీ కబురు లేదు. బావ వద్దన్నాడా?'"

ఎనిమిది నెలలు తిట్టిన తిట్లు ఇప్పుడెవరికి తగలాలో ఆయనకి తెలియలేదు. నెట్‌కా? ప్రోగ్రాంకా? ఆవిడకా? ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాడు.

"ఆఫ్‌లైన్ తీసేస్తే ఇది ఇప్పుడే వెళ్ళిపోతుంది," అంది కూతురు. "లేదంటే చెరిపేద్దామా?"

"ముట్టుకోకు! రెండూ వద్దు."

"మరి మావయ్యకి?"

ఆయన గోడ అరలోని తూకపురాళ్ళ వరస సరిచేశాడు.

"నీ ఫోన్లోంచి రాయి. ఉత్తరం ఇక్కడే ఆగిపోయిందని. తలుపేసింది తప్పని."

"ఈ పెట్టెలోంచి పంపితే అమ్మ అడ్రసు మీదే వెళ్తుంది. మావయ్య హడలిపోతాడు. రాస్తున్నది ఎవరో ముందే చెప్పాలి."

"నేనని పెట్టు."

"నేనంటే?"

కూతురు వేలు గాల్లోనే ఉంది.

"బావ అని పెట్టు," అన్నాడు. "నన్నింకా బావనని ఒప్పుకుంటే చదువుతాడు."