ఎక్స్‌రే ఫిల్ము మీద లేసు పూలు

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. పెద్దిరాజు కుడి తొడ ఎముక విరిగి, రెండు ముక్కలూ ఒకదాని పక్కకొకటి జరిగిపోయిన బొమ్మ నా మీద ఉంది. నరసాపురంలో ఒక మేడకు రంగు వేస్తూ అతను పరంజా మీంచి పడిపోయిన రోజే నేను పుట్టాను. అంతకుముందు నాలాంటి యాభైమందితో కలిసి చీకటి పెట్టెలో ఉండేదాన్ని. ఆ బతుకు గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

మొదటి నెలంతా నాకు భలే గౌరవం దక్కింది. పెద్దిరాజును చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ నన్ను కవరులోంచి తీసి, కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, తల పంకించేవాళ్లు. కొందరు తలకిందులుగా పట్టుకుని కూడా అంతే గంభీరంగా తల పంకించారు. ఎముక గురించి వాళ్లకేమీ తెలియదు. కానీ మంచం మీదున్న మనిషి మొహం చూసి ఏం మాట్లాడాలో తోచనప్పుడు, చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మంచం ఉన్నది చెల్లాయమ్మగారి ఇంటి వెనక అద్దెగదిలో. పెద్దిరాజు ఇరవయ్యేళ్లుగా ఊళ్లో ఇళ్లకు రంగులు వేశాడు. ఏ గోడకు ఎంత లప్పం పడుతుందో చేత్తో తడిమి చెప్పగలడు. అయితే తన గదికి మాత్రం పెళ్లయినప్పటినుంచి కుంచె తగల్లేదు. ఎప్పుడడిగినా చేతిలో ఉన్న పని అయ్యాక వేస్తాననేవాడు. చెమ్మ ఎక్కి గోడ పెచ్చులు లేచింది. మంచం ఆ గోడకే ఆనుకుని ఉండేది.

ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. నాలుగో నెలకి ఎముక అతుక్కుందనీ, ఇక నడవమనీ డాక్టరు చెప్పాడు. పెద్దిరాజు కర్ర పట్టుకుని గుమ్మందాకా వెళ్లి, అక్కణ్ణుంచే వెనక్కి వచ్చి పడుకునేవాడు. ఎవరైనా వస్తే గోడవైపు తిరిగిపోయేవాడు. కొన్నాళ్లకు ఎవరినీ లోపలికి రానివ్వొద్దని భార్యకు చెప్పేశాడు. నన్ను కిటికీకి ఎత్తిపట్టేవాళ్లు లేక, గోడకున్న మేకుకు కవరుతో సహా వేలాడుతూ ఉండిపోయాను.

అతని భార్య సత్యవేణి లేసు అల్లుతుంది. గుమ్మంలో కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపూ పూలూ ఆకులూ అల్లి, వారానికోసారి వచ్చే మనిషికి ఇస్తుంది. అల్లుతూ మధ్యమధ్యలో తలెత్తి మంచంవైపు చూసేది. అతను గోడను చూస్తూ పడుకుంటే, ఆమె అతని వీపును చూస్తూ అల్లేది. ఇంట్లో మాటలు దాదాపు లేవు.

ఒక ఆదివారం ఆమె మంచం కిందనుంచి రంగు డబ్బాలు బయటికి లాగింది. ఇన్నేళ్లలో పనుల దగ్గర మిగిలిపోయిన అడుగూబొడుగూ అవి. కొన్ని ఎండిపోయాయి, కొన్నిట్లో ఇంకా నాలుగు వేళ్ల లోతు రంగు ఉంది. తర్వాత వంటింటి మూలనుంచి అట్లకాడ తెచ్చి గోడ పెచ్చులు గీకడం మొదలెట్టింది.

ఆ చప్పుడు పెద్దిరాజు కాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఇటు తిరిగి, "అట్లకాడతో గీకుతారేటే ఎవరైనా? లప్పం రేకు నా సంచిలో ఉంది చూడు," అన్నాడు.

ఆమె రేకు తీసుకుంది కానీ పట్టుకోవడం తెలియలేదు. ఎలా వంచి పట్టాలో చూపించడానికి అతను లేచి కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నాక ఊరుకోలేకపోయాడు. చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా పైన రంగు పూస్తే నెల తిరక్కుండా మళ్లీ లేస్తుందన్నాడు. కర్ర పట్టుకుని, గుమ్మం దాటి, గది వెనక్కి వెళ్లి చూశాడు. చూరు గొట్టం పగిలి, నీళ్లు గోడ వెంటే దిగుతున్నాయి. చెల్లాయమ్మగారు ఆ గొట్టం మార్పించారు. గోడ ఆరడానికి రెండు వారాలు వదిలేశారు. ఆ రెండు వారాలూ అతను రోజూ వెనక్కి వెళ్లి గోడను తడిమి వచ్చేవాడు. డాక్టరు చెప్పినా నడవని మనిషిని చెమ్మగోడ నడిపించింది.

ఆరాక లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్దారు. డబ్బాల్లో ఎక్కువ తెలుపు, కొంచెం పసుపు, అడుగున ఆకుపచ్చ ఉన్నాయి. అతను మంచం మీద కూర్చునే ఎంతెంత పొయ్యాలో చెబితే ఆమె కలిపింది. పెసరపప్పు రంగు వచ్చింది. మంచాన్ని కిటికీ పక్కకు జరిపారు. సత్యవేణి పాత చీరొకటి చించి గుమ్మానికి తెర కుట్టింది. ఏమీ కొనకుండానే ఆ గది వేరే గదిలా అయింది.

అయినా గోడ బోసిగా ఉందనీ, ఒక పూలబారు ఉంటే బావుంటుందనీ ఆమె అంది. పూల ఆకారంలో కంతలు కోసి, వాటిలోంచి గోడకు రంగు అద్దే అచ్చుకు గట్టి రేకులాంటిది కావాలని అతనన్నాడు. ఆమె చుట్టూ చూసి, మేకు దగ్గరకొచ్చి, నన్ను కవరులోంచి బయటికి తీసింది.

"అది నా కాలే," అన్నాడు పెద్దిరాజు.

"మీ కాలు మీ దగ్గరే ఉందండి. ఇది ఫిల్ము," అందామె.

అతను నన్ను తీసుకుని కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, ఆమెకు తిరిగిచ్చాడు. తర్వాత చెయ్యి చాపి బ్లేడు అడిగాడు.

ఆమె తను అల్లిన లేసు ముక్క ఒకటి నా మీద పరిచి, పెన్నుతో చుట్టూ గీసింది. గీసింది గీసినట్టు కోస్తే పువ్వు మధ్యభాగం ఊడి కింద పడుతుందని అతను చెప్పాడు. రేకకూ రేకకూ మధ్య సన్నటి పట్టీలు వదలాలి. ఏది వదలాలి, ఏది కోయాలి అని ఇద్దరూ నా మీదకు వంగి వాదించుకున్నారు. ఇన్ని నెలల మాటలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నమే మాట్లాడుకున్నట్టున్నారు. బ్లేడు నొప్పి గురించి అడగకండి, ఆ సంగతి నేనప్పుడు పట్టించుకోలేదు.

పాత పరుపులోంచి తీసిన, స్పాంజిలాంటి నురుగు ముక్కను రంగులో ముంచి, కాగితం మీద అద్ది, దాదాపు పొడిగా అయ్యాక నా మీద తట్టాలి. తడి ఎక్కువైతే రంగు నా కిందికి పాకి పువ్వు అలుక్కుపోతుంది. నడుమెత్తులో పూలబారు వేశారు. పెద్దిరాజు స్టూలు మీద కూర్చుని, జరుపుకుంటూ జరుపుకుంటూ గుమ్మందాకా అద్దాడు.

అది చూసిన చెల్లాయమ్మగారు తన ముందుగదికీ కావాలన్నారు. అయితే ఆవిడకు కావలసింది నడుమెత్తులో కాదు, పైన, కప్పు కింద. నిచ్చెన తెచ్చారు. పెద్దిరాజు మంచి కాలు మొదటి మెట్టు మీద వేశాడు. రెండో మెట్టెక్కి, కిందికి చూసి, నిచ్చెనను రెండు చేతులతోనూ వాటేసుకుని ఆగిపోయాడు. నేను అతని చంకలోనే ఉన్నాను, ఎంత గట్టిగా అదిమాడో నాకు తెలుసు. దిగి, నన్ను కుర్చీలో పెట్టి గదికి వెళ్లిపోయాడు.

సత్యవేణి చీర కుచ్చెళ్లు దోపుకుని నిచ్చెనెక్కి ఆ పని పూర్తిచేసింది. వీధిలో ఇంకో రెండిళ్లవాళ్లు పిలిస్తే వెళ్లింది. పెద్దిరాజు మళ్లీ మంచమెక్కాడు. ఈసారి గోడవైపు తిరగలేదు, ఆమె మీద విసుక్కున్నాడు. మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి ఆడది నిచ్చెనలెక్కితే ఊళ్లో తనను ఏమంటారని అడిగాడు.

"ఊరోళ్లు నన్ను పనికి పిలుత్తన్నారు. మిమ్మల్ని ఏవంటన్నారో నేనడగలేదు," అందామె, అన్నం వడ్డిస్తూ.

ఆ తర్వాతి వారం ఒక ఇంట్లో నున్నటి గచ్చు మీద నిచ్చెన కాళ్లు జారాయి. నేను ఆమె చేతిలోంచి ఎగిరి సోఫా కింద పడ్డాను. ఆమె కిటికీ ఊచ దొరకబుచ్చుకుని వేలాడి, మెల్లగా దిగింది. మోచెయ్యి కొట్టుకుని నల్లగా కమిలింది. ఇంటికెళ్లి ఏమీ చెప్పలేదు. అన్నం తింటుండగా పెద్దిరాజు ఆ చెయ్యి చూశాడు. ఎంత ఎత్తు అని అడిగాడు. చెప్పింది. నిచ్చెన ఎంత వాలుగా వేశావని అడిగాడు. అదీ చెప్పింది. అతను కంచం పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న ఆమెకంటే ముందే అతను సంచి సర్దుకుని గుమ్మంలో ఉన్నాడు. ఆ ఇంటికెళ్లి నిచ్చెన కాళ్లకు గోనెపట్టా చుట్టి కట్టాడు. గోడకు ఎంత దూరంలో పెట్టాలో అడుగులు వేసి కొలిచాడు. ఆమె ఎక్కాక కర్ర పక్కన పడేసి, నిచ్చెనను రెండు చేతులతోనూ పట్టుకుని, పని అయిందాకా కదలకుండా నిలబడ్డాడు.

"ఇక ఎప్పుడెక్కినా నాకు చెప్పి ఎక్కు," అన్నాడు ఆమె దిగాక. ఆమె తల ఊపింది.

అప్పణ్ణుంచి నాకు తీరిక లేదు. కొత్త ఇల్లు కట్టుకోలేనివాళ్లు, ఉన్న గదినే కొత్తగా చూసుకోవాలనుకునేవాళ్లు ఊళ్లో ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు. ఒక్క గోడకు మాత్రం రంగు వేయించుకుని, దాని మీద పూలు అద్దించుకుని, ఆ గోడ ముందే ఫోటో దిగేవాళ్లు. మిగతా మూడు గోడలూ ఫోటోలో కనిపించకుండా జాగ్రత్తపడేవాళ్లు. నవ్వొచ్చేది కానీ, ఆ ఫోటోలో వాళ్ల సంతోషం నిజమే.

రెండేళ్లకు నా మీద రంగు పొరలు పొరలుగా పేరుకుపోయింది. రేకల మధ్య పట్టీలు తెగాయి. సత్యవేణి టేపు అంటించి కొన్నాళ్లు నడిపింది. చివరికి నేనద్దిన పువ్వును ఆమె దూరంనుంచి చూసి, తడిగుడ్డతో తుడిచేసింది. ఆ రాత్రే ప్లాస్టిక్ షీటు మీద కొత్త అచ్చు కోసుకుంది. నన్ను పారెయ్యలేదు. రంగు డబ్బా కింద పరవడానికి సంచిలో ఉంచింది. ఉద్యోగం మారింది, అంతే.

మొన్న తపాలా ఆఫీసులో పనిచేసే భాస్కరంగారి ఇంట్లో పని జరిగింది. సత్యవేణి కప్పు కింద పూలబారు అద్దుతోంది. నేను నిచ్చెన పక్కన గచ్చు మీద ఉన్నాను, నా మీద డబ్బా ఉంది. సాయంత్రం భాస్కరంగారు ఆఫీసునుంచి వచ్చి, గోడ చూసి ముచ్చటపడి, నిచ్చెన పట్టుకున్న పెద్దిరాజుతో, పని చాలా నాజూగ్గా ఉంది మేస్త్రీ అని మెచ్చుకుని, వంటింటికి కూడా ఏ రంగైతే బావుంటుందో చెప్పమన్నారు.

పెద్దిరాజు చేతులు తియ్యలేదు. గడ్డంతోనే పైకి చూపించాడు.

"మేస్త్రి పైనున్నారండి. ఆవిణ్ణి అడగండి," అన్నాడు.

పైన నురుగు ముక్క ఒక్క క్షణం ఆగింది. తర్వాత సత్యవేణి, ముందు వంటింటి గోడకు చెమ్మ ఉందేమో మా ఆయన తడిమి చూడాలనీ, రంగు సంగతి ఆ తర్వాత చెబుతాననీ భాస్కరంగారికి జవాబిచ్చి, ఇంకో పువ్వు అద్దింది.